ఒక్క రోజుంది, ఏ కొండ ఊరికి వెళ్లాలి? జపాన్‌లో ఐదు పాత ఊళ్ల పోలిక

పది రోజుల జపాన్ ట్రిప్ వేసుకునే తెలుగువాళ్ల ప్లాన్‌లో టోక్యో, క్యోటో, ఒసాకా పోగా ఒక రోజు మిగులుతుంది. ఆ రోజుకి ఎదురుగా "మంచులో పూరిళ్ల ఊరు" అని రాసుకుంటారు. ఆ ఫొటో అందరూ చూసిందే. లోయలో ఇళ్లు, నిలువెత్తు గడ్డి కప్పులు, కిటికీల్లో పసుపు వెలుగు. అది షిరకావా-గో. అయితే అలాంటి ఊరు జపాన్‌లో అదొక్కటే కాదు, అందరికీ సరిపోయే ఊరు కూడా అది కాదు. నాగోయాలో ఉద్యోగం చేసిన నాలుగేళ్లలో ఇండియా నుంచి వచ్చిన చుట్టాలను, స్నేహితులను వెంటబెట్టుకుని ఈ ఊళ్లు తిరిగాను. మోకాళ్ల నొప్పుల అమ్మ, వెల్లుల్లి కూడా ముట్టని పెద్దమ్మ, ఫొటోలు తప్ప ఇంకేమీ పట్టని తమ్ముడు. ముగ్గురికీ మూడు వేరే ఊళ్లు నచ్చాయి.

ఐదింటిని పోల్చి చెబుతాను: షిరకావా-గో, దాని పక్కనే ఉన్న గోకయామా, కిసో లోయలోని మగోమె–త్సుమగో జంట, క్యోటో ఉత్తరాన మియామా, ఫుకుషిమాలో ఓఉచి-జుకు. షికోకు దీవిలోని ఇయా లోయను కావాలనే వదిలేశాను. మూడేళ్లకోసారి కొత్తగా అల్లే 45 మీటర్ల తీగల వంతెన, కొండవాలుకు వేలాడుతున్నట్టుండే ఓచియాయి ఊరు చూడదగ్గవే. కానీ సొంతంగా కారు నడపకుండా అక్కడ తిరగడం కష్టం, ఒక్క రోజు చాలదు.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, రాత్రి అక్కడే పడుకుంటారా, సాయంత్రానికి తిరిగొచ్చేస్తారా? ఏ ఊరు అన్న ప్రశ్న దీని తర్వాతే. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 దాకా ఈ ఊళ్లు తిరనాళ్లలా ఉంటాయి. చివరి బస్సు వెళ్లాక అదే ఊరు మరో ఊరైపోతుంది. పొయ్యి పొగ వాసన, కాలవల్లో నీళ్ల చప్పుడు, అంతే. రాత్రి ఉండగలిగితే ఈ ఐదింట్లో ఏది ఎంచుకున్నా పెద్దగా నష్టపోరు. ఉండలేకపోతే మాత్రం ఎంపికలో జాగ్రత్త పడాలి.

రెండోది బస్సు. వీటిలో ఏ ఊళ్లోకీ రైలు రాదు. దగ్గరి స్టేషన్‌లో దిగి బస్సో టాక్సీనో ఎక్కాలి. బస్సులు గంటకోటి ఉంటే అదృష్టం. చివరి బస్సు సాయంత్రమే వెళ్లిపోతుంది.

మూడోది మోకాళ్లు. పాత ఇళ్ల లోపలి మెట్లు నిచ్చెనలాగే ఉంటాయి. చెప్పులు విప్పి సాక్సులతో ఎక్కాలి. రాత్రి పడక నేల మీదే, తినేది కూడా నేల మీద కూర్చునే. మన పల్లెల్లో పెరిగిన పెద్దవాళ్లకు కింద కూర్చోవడం కొత్త కాదు, లేవడమే సమస్య.

నాలుగోది భోజనం. శాకాహారులకు ఇది అసలు టెన్షన్. మాంసం వద్దంటే తీసేస్తారు. కానీ సూప్‌లోనూ, సోబా నూడుల్స్ ముంచుకునే పులుసులోనూ, చివరికి ఉడికించిన కూరగాయల్లోనూ దాషి ఉంటుంది. అది మామూలుగా ఎండుచేప నుంచి తీసిన రసం. వాళ్ల దృష్టిలో అది చేప కింద లెక్క కాదు, మన ఉప్పులాంటిది. అందుకే "వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో పని జరగదు.

మంచు కావాలా వద్దా అన్నది చివరిది. జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే ఆ ఫొటో దొరుకుతుంది. బస్సులు ఆలస్యమయ్యేది, కాలు జారేది, గదులు దొరకనిదీ కూడా అప్పుడే.

| ఊరు | ఎక్కడి నుంచి సులువు | పగటిపూట జనం | పెద్దవాళ్లకు | ప్రత్యేకత |
|---|---|---|---|---|
| షిరకావా-గో | తకయామా, కనజావా | చాలా ఎక్కువ | ఊరు చదునే, ఇళ్ల లోపలే మెట్లు | పెద్ద ఊరు, మంచు దృశ్యం |
| గోకయామా | షిన్-తకఓకా | తక్కువ | ఫర్వాలేదు, చిన్న ఊళ్లు | నిశ్శబ్దం, టోఫు, పాత పాట |
| మగోమె–త్సుమగో | నాగోయా | మగోమెలో ఎక్కువ, దారిలో తక్కువ | త్సుమగో ఒక్కటే అయితే సులువు | నడక |
| మియామా | క్యోటో | మధ్యస్థం | కొంచెం వాలు | బతికున్న పల్లె |
| ఓఉచి-జుకు | టోక్యో | శని, ఆదివారాల్లో ఎక్కువ | వీధి సులువు, వ్యూ పాయింట్‌కు నిటారు మెట్లు | మజిలీ వీధి, ఉల్లికాడ సోబా |

షిరకావా-గో: ఫొటో కోసం అయితే ఇదే

గిఫు ప్రాంతంలోని ఓగిమాచి అనే ఊరినే అందరూ షిరకావా-గో అంటారు. ఈ ఊరికీ, గోకయామాలోని అయినోకురా, సుగనుమా అనే రెండు పల్లెలకూ కలిపి 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇక్కడి ఇళ్ల తీరును గాష్షో-జుకురి అంటారు. గాష్షో అంటే రెండు చేతులూ జోడించి నమస్కరించడం. కప్పు సుమారు 60 డిగ్రీల వాలుతో అచ్చం నమస్కారంలా నిలబడి ఉంటుంది. మనిషి ఎత్తు దాటి కురిసే మంచు బరువుకు కుంగకుండా జారిపోవాలంటే అంత వాలు కావాలి. కప్పు వాసాలను మేకులతో కొట్టరు, తాళ్లతోనూ లేత కొమ్మలతోనూ కట్టేస్తారు.

నాకు ఈ ఇళ్లలో ఎక్కువ నచ్చింది అటక. అది సామాన్ల కోసం కట్టింది కాదు, పట్టుపురుగుల కోసం. రెండు మూడు అంతస్తుల అటకల్లో పట్టుపురుగులను పెంచేవాళ్లు. కింద నేలపొయ్యి వేడి పైకెక్కి పురుగులకు వెచ్చదనం ఇచ్చేది, అదే పొగ కప్పు గడ్డికి పురుగు పట్టకుండా కాపాడేది. హిందూపురం వైపు పట్టుగూళ్లు పెంచే ఇంట్లో పుట్టిన స్నేహితుడొకడు ఇక్కడి తట్టలు చూసి "మా ఇంటి చంద్రికలే కదరా ఇవి" అన్నాడు. నేల కింద ఇంకో సంగతి జరిగేది. మట్టి, గడ్డి, పట్టుపురుగుల రెట్ట, మూత్రం కలిపి ఏళ్ల తరబడి మాగబెట్టి, తుపాకి మందుకు కావాల్సిన సురేకారం తీసేవాళ్లు. చూడ్డానికి ఇంత అమాయకంగా ఉండే ఇల్లు పైన పట్టు, కింద మందుగుండు సరుకు తయారుచేసిన ఫ్యాక్టరీ అన్నమాట.

గడ్డి కప్పును సుమారు ముప్ఫై, నలభై ఏళ్లకోసారి కొత్తగా నేస్తారు. దానికి వంద మందికి పైగా కావాలి. డబ్బు తీసుకోకుండా ఒకరింటికి ఇంకొకరు చేయి వేసే ఈ పద్ధతిని యుయి అంటారు. మన పల్లెల్లో బదులు పనికి వెళ్లడం తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. 1971లో ఊరివాళ్లు కూర్చుని ఇళ్లను అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు అని కట్టడి చేసుకున్నారు. ఇవాళ మనం చూస్తున్న ఊరు ఆ కట్టడి వల్లే మిగిలింది.

ఇక ఇబ్బందులు. గ్రామ జనాభా సుమారు 1,500. వచ్చే యాత్రికులు ఏడాదికి 15 లక్షలకు పైమాటే. మొదటిసారి నేను అక్టోబర్‌లో ఒక ఆదివారం వెళ్లాను. 11 గంటలకు దిగి 3 గంటలకు తిరుగు బస్సు అనుకున్నాను, తిరుగు సీటు బుక్ చేసుకోలేదు. ఇళ్ల కంటే టాయిలెట్ దగ్గర క్యూనే ఎక్కువ సేపు చూశాను. బస్సు నిండిపోవడంతో రెండు గంటలు చలిలో నిలబడ్డాను. తప్పు నాదే. కనజావా, నాగోయా నుంచి వచ్చే బస్సులకు రానూ పోనూ ముందే బుక్ చేసుకోండి. తకయామా నుంచి 50 నిమిషాలు, కనజావా నుంచి గంటంబావు దాటి, నాగోయా నుంచి మూడు గంటలకు కాస్త అటూఇటూ.

చలికాలంలో లైట్లు వేసే సాయంత్రాలు ఏడాదికి కొన్నే ఉంటాయి. వాటికి ముందస్తు రిజర్వేషన్ లేకుండా వెళ్లడానికి లేదు. కొండపై వ్యూ పాయింట్‌కు నడక పావుగంట పైన, మంచు రోజుల్లో ఆ కాలిబాట మూసేస్తారు. షటిల్ బస్సు ఉంటుంది. లోపల ఒక్క ఇల్లే చూసే టైముంటే వాదా కుటుంబం ఇల్లు చూడండి.

గోకయామా: నన్నడిగితే ఇదే

షిరకావా-గో పక్కన పారే నది వెంట ఉత్తరంగా వెళ్తే తొయామా ప్రాంతంలో గోకయామా వస్తుంది. ఇళ్ల తీరు అదే, పట్టుపురుగుల కథ అదే, యునెస్కో గుర్తింపూ అదే. జనం మాత్రం పదో వంతు కూడా ఉన్నట్టు అనిపించదు. అయినోకురాలో ఇరవై గాష్షో ఇళ్లు, సుగనుమాలో తొమ్మిది. సుగనుమాను అరగంటలో చుట్టేయొచ్చు. అయినోకురాలో మాత్రం ఊరి వెనక గట్టెక్కి కూర్చుంటే లేవబుద్ధి కాదు.

వెనకటికి ఇది "కాగా" అనే సంస్థానానికి సురేకారం పంపిన చోటు, ఆ సంస్థానం నేరస్తులను ప్రవాసం పంపిన చోటు కూడా. అంత మారుమూల కాబట్టే కొకిరికో అనే పాట ఇక్కడ నిలిచింది. జపాన్‌లోని అతి పాత జానపద గీతాల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. ఆ పాటకు వాయించే ససర అనే వాద్యంలో 108 చెక్క పలకలు తాడుకు గుచ్చి ఉంటాయి. జపమాలలో పూసల లెక్కే. బౌద్ధంతో పాటు అక్కడికి చేరిన అంకె అది.

శాకాహారులకు ఒక మంచి మాట. సోయా పాలతో చేసే గోకయామా టోఫు ఎంత గట్టిగా ఉంటుందంటే తాడు కట్టి మోసుకెళ్లొచ్చని చెబుతారు. మన పనీర్‌కు దగ్గరగా ఉంటుంది. పెద్దమ్మ జపాన్‌లో తృప్తిగా తిన్నది అదొక్కటే. పైన వేసుకోవడానికి చిటికెడు కారప్పొడి ఆమె దగ్గర ఎప్పుడూ ఉండేదనుకోండి.

షిన్-తకఓకా స్టేషన్ నుంచి వచ్చే వరల్డ్ హెరిటేజ్ బస్సు అయినోకురా, సుగనుమా మీదుగా షిరకావా-గో దాకా వెళ్తుంది. అంటే ఉదయం గోకయామా, మధ్యాహ్నం షిరకావా-గో ఒకే దారిలో కలుపుకోవచ్చు. లేదా అయినోకురాలో రాత్రి ఉండి, మర్నాడు తొలి బస్సుకి షిరకావా-గో చేరితే రద్దీ మొదలయ్యేలోపే చూసేయొచ్చు. బస్సులు తక్కువ కాబట్టి ఒకటి తప్పితే గంటన్నర, రెండు గంటలు ఎదురుచూడాల్సిందే. హోటల్ సౌకర్యాలు కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు.

మగోమె–త్సుమగో: నడవగలిగినవాళ్లకు

ఇక్కడ గడ్డి కప్పుల కోసం వెతకొద్దు, నిరాశపడతారు. ఇవి మజిలీ ఊళ్లు. ఎడో, అంటే ఇప్పటి టోక్యో నుంచి క్యోటోకు కొండల గుండా వెళ్లే నకసెన్‌దో అనే రహదారి మీద 69 మజిలీలు ఉండేవి. త్సుమగో 42వది, మగోమె 43వది. రెంటి మధ్య సుమారు 8 కిలోమీటర్ల పాత దారి, తీరిగ్గా నడిస్తే మూడు గంటలు. మగోమె దాదాపు 600 మీటర్ల ఎత్తులో, త్సుమగో 420 మీటర్ల ఎత్తులో, మధ్యలో కనుమ సుమారు 800 మీటర్లు. అందుకే మగోమెలో మొదలుపెట్టి త్సుమగో వైపు నడవండి, ఎక్కుడు తక్కువ. దారిలో ఎలుగుబంట్ల కోసం గంటలు వేలాడదీసి ఉంటాయి. ఒక్కో గంట దగ్గర ఆగి మోగించి వెళ్లాలి. పిల్లలకు ఇదొక సరదా. రద్దీ రోజుల్లో సామాను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చే ఏర్పాటు ఉంటుంది, వెళ్లే రోజుకి ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఈ అడవుల్లో హినోకి చెట్టు కొడితే మనిషి తల తీసేవాళ్లని పాత సామెత: "చెట్టుకో తల". ఈ అడవులను ఏలిన ఓవారి సంస్థానం కలపను అంత కట్టుదిట్టంగా కాచింది.

రెండు ఊళ్లలో ఏది? నా ఓటు త్సుమగోకి. మగోమె 1895లోనూ 1915లోనూ కాలిపోయి మళ్లీ కట్టిన ఊరు. వాలు వీధి అందంగానే ఉంటుంది కానీ దుకాణాల హడావిడి ఎక్కువ. త్సుమగోలో కరెంటు తీగలు కనిపించవు, పగలు వీధిలోకి కార్లు రానివ్వరు. పాత ఊళ్లను కాపాడాలన్న ఆలోచనకు జపాన్‌లో ముందుగా పూనుకున్న ఊళ్లలో ఇదొకటి. 1976లో ప్రభుత్వం మొదటిసారి ప్రకటించిన రక్షిత ప్రాంతాల్లో ఓగిమాచితో పాటు ఇదీ ఉంది. నాగోయా నుంచి నకత్సుగావాకు ఎక్స్‌ప్రెస్‌లో 50 నిమిషాలు, అక్కడి నుంచి మగోమెకు బస్సులో 25 నిమిషాలు. త్సుమగో నుంచి నగిసో స్టేషన్‌కు బస్సు పది నిమిషాలే. ఐదింట్లో ఒక్క రోజులో హాయిగా వెళ్లిరాగలిగేది ఇదే.

మియామా: క్యోటో నుంచి బయటపడాలనిపిస్తే

క్యోటో నగరానికి సుమారు 50 కిలోమీటర్ల ఉత్తరాన, కిత అనే పల్లెలో యాభై ఇళ్లుంటే 39 గడ్డి కప్పులవే. 1993 నుంచి రక్షిత ప్రాంతం. షిరకావా-గో ఇళ్లంత ఎత్తు, గాంభీర్యం ఉండవు. కానీ ఇంటి ముందు కూరగాయల మడులు, ఆరేసిన బట్టలు, పొలంలో వంగి పనిచేసుకునే పెద్దవాళ్లు కనిపిస్తారు. ఊరి మొదట్లో ఎర్రటి గుండ్రని పోస్టు డబ్బా, వెనక వాలులో ఇళ్లు. ఫొటో అక్కడే తీస్తారు అందరూ. నీలిమందు అద్దకాల చిన్న మ్యూజియం ఉంది. గడ్డి ఇళ్లకు నిప్పే పెద్ద భయం కాబట్టి ఏడాదిలో కొన్ని రోజులు ఊరంతా నీళ్ల తుపాకులు ఒకేసారి పేల్చి పరీక్షిస్తారు. ఆ రోజు దొరికితే వదలొద్దు.

రైలు, బస్సు మారుతూ వెళ్లాలి, రెండు గంటల పైనే పడుతుంది. క్యోటోలో మూడు రోజులకు మించి ఉంటేనే దీనికి వెళ్లండి. రెండే రోజులుంటే ఆ సమయం క్యోటోకే ఇవ్వండి.

ఓఉచి-జుకు: టోక్యో వాళ్లకు

ఇదీ మజిలీ ఊరే, కాకపోతే గడ్డి కప్పులది. సుమారు 450 మీటర్ల తిన్నని మట్టి వీధి, రెండు వైపులా ముప్ఫైకి పైగా ఇళ్లు, ఇళ్ల ముందు పారే కాలవల్లో చల్లబడుతున్న సోడా సీసాలు. చాప్‌స్టిక్స్‌కు బదులు పొడవాటి ఉల్లికాడతో సోబా తినడం ఇక్కడి ప్రత్యేకత, మధ్యమధ్య ఆ కాడనూ కొరుకుతుండాలి. వెళ్లాల్సిన స్టేషన్ యునోకామి ఓన్సెన్. ఆ స్టేషన్ కప్పు కూడా గడ్డిదే. అక్కడి నుంచి బస్సు ఏప్రిల్ నుంచి నవంబర్ దాకానే, చలికాలంలో టాక్సీ. టోక్యో నుంచి నాలుగు గంటలకు దగ్గర పడుతుంది కాబట్టి పొద్దున వెళ్లి రాత్రికి రావడం అలసటే. పైగా దాదాపు ప్రతి ఇల్లూ దుకాణమో హోటలో. పల్లె చూద్దామని వెళ్లినవాళ్లకు బజారు చూసినట్టు అనిపించొచ్చు.

మీరెవరు, మీకేది

అమ్మానాన్నలతో వెళ్తుంటే, ఒక్క రోజే ఉంటే త్సుమగోకి తీసుకెళ్లండి. నడక దారిలో ఒక కిలోమీటరు మాత్రం నడిచి వెనక్కి రండి, వాళ్లకు అది చాలు. రెండు రోజులుంటే తకయామాలో మంచాలున్న హోటల్‌లో బస చేసి షిరకావా-గోకు తొలి బస్సు పట్టుకోండి. మోకాళ్ల నొప్పులుంటే పూరింట్లో రాత్రి బస వద్దు. రాత్రి టాయిలెట్‌కు లేవాలంటే చలిలో నడవా దాటి వెళ్లాలి, ఆ సంగతి వెబ్‌సైట్లలో రాయరు.

కొత్తగా పెళ్లైనవాళ్లు, ఇద్దరే తిరిగేవాళ్లు అయినోకురాలో ఒక రాత్రి ఉండండి. మిన్షుకు అంటే మన పాతకాలపు పూటకూళ్లిల్లు లాంటిదే. ఇంటివాళ్లే వండి పెడతారు, భోజనం సాయంత్రం 6 గంటలకే. ఆలస్యంగా చేరితే వాళ్లకు ఇబ్బంది, మీకు ఆకలి.

చిన్న పిల్లలుంటే మియామా లేదా త్సుమగో. షిరకావా-గో రద్దీలో తోపుడు బండితో తిరగడం కష్టం. జపాన్‌లోనే ఉంటున్నవాళ్లు వారాంతాలు వదిలేసి మంగళ, బుధవారాల్లో సెలవు పెట్టుకుని షిరకావా-గో వెళ్లండి, అదే ఊరు నచ్చుతుంది. ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం దాకా ఉండే గోల్డెన్ వీక్‌లోనూ, ఆగస్టు నడుమ ఓబోన్ సెలవుల్లోనూ ఏ ఊరికీ వెళ్లొద్దు.

శుద్ధ శాకాహారులు గది బుక్ చేసేటప్పుడే జపనీస్‌లో రాయించి పంపండి: మాంసం, చేప, దాషి, గుడ్డు ఏవి తినరో ఒక్కొక్కటి విడిగా. కుదరదంటే మర్యాదగా ముందే చెప్పేస్తారు. అప్పుడు భోజనం లేకుండా గది అడగండి. పగటికి పులిహోర కలుపుకెళ్తే సరిపోతుంది. ఖాళీ డబ్బా, కవర్లు మాత్రం వెనక్కి తెచ్చుకోవాలి, ఊళ్లో చెత్త డబ్బాలు కనిపించవు. కార్డుల మీద ఆధారపడకుండా నగదు ఉంచుకోండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. తలుపు తెరిచి ఉందని ఏ ఇంట్లోకీ తొంగిచూడొద్దు. టికెట్ బోర్డు లేని ఇల్లు ఎవరో కాపురం ఉంటున్న ఇల్లు.

చలికాలానికి వెళ్లాలనుకుంటే బుకింగ్ వరస తిరగేయండి. మామూలుగా మనం ముందు విమానం టికెట్ కొని, తర్వాత హోటల్ చూసి, చివర్లో బస్సు సంగతి ఆలోచిస్తాం. ఇక్కడ ముందు గది, తర్వాత బస్సు, ఆ రెండూ ఖాయమయ్యాకే విమానం. లైట్ల సాయంత్రాల తేదీలు చలికాలానికి నెలల ముందే ప్రకటిస్తారు. అప్పటికి గది దొరక్కపోతే ఆ తేదీలను వదిలేసి, ఫిబ్రవరిలో వారం మధ్యలో అయినోకురాకు ఫోన్ చేయించి చూడండి.